ముందు ప్లగ్గు, తర్వాతే ప్రాసెసర్

(పిల్లలకు ఇంట్లో కంప్యూటర్ కొనాలనుకునే తల్లిదండ్రుల కోసం కోనసీమలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

చాలామంది చేతుల్లో షాపువాళ్ళు రాసిచ్చిన కొటేషన్ కాగితాలు కనబడుతున్నాయి. వాటిని కాసేపు మడిచి జేబులో పెట్టుకోండి. మనం మీ ఇంటి గోడకున్న ప్లగ్గు దగ్గర మొదలెడదాం. గోదావరి పాయల మధ్య ఊళ్ళలో పిల్లల కంప్యూటర్‌కి ప్రాసెసర్ చాలకపోవడం కంటే పెద్ద గండాలు మూడున్నాయి: కరెంటు, చెమ్మ, ఉప్పుగాలి. ఈ మూడింటికీ ఏర్పాటు చేసుకుంటే మామూలు యంత్రం కూడా ఆరేడేళ్ళు నడుస్తుంది.

కంప్యూటర్ పెట్టబోయే చోట మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కదా. ఎలక్ట్రీషియన్ని పిలిచి మల్టీమీటరుతో అక్కడ మూడు కొలతలు తీయించండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు రావాలి. 207 నుంచి 253 దాకా ఉన్నా పర్వాలేదు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా ఇంచుమించు అంతే చూపించాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య అంకె నిలకడ లేకుండా ఊగుతుంటే ఆ మూడో పిన్నుకి వెనకాల వైరే లేదని లెక్క. పాత పెంకుటిళ్ళలో, తర్వాత వేసుకున్న డాబా గదుల్లో ఇది మామూలే. ల్యాప్‌టాప్ రేకు మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటుందని చాలామంది అంటారు. అడాప్టర్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి, వాటి గుండా కొద్దిపాటి కరెంటు బయటికొస్తుంది. ఎర్తు ఉంటే భూమిలోకి పోతుంది, లేకపోతే మీ వేళ్ళలోకి. మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్లో దూర్చే అలవాటు ఉంటే దయచేసి మానేయండి.

కరెంటుతో వచ్చే రెండో ప్రమాదం ఇంకా పెద్దది. ఈదురుగాలికి కొబ్బరి మట్ట లైను మీద పడుతుంది. ఫేజు తెగితే కరెంటు పోతుంది, అంతే. న్యూట్రల్ తెగితే మాత్రం ఇంట్లోకి 230 బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. ఫ్యాను గిర్రున తిరగడం, బల్బు తెల్లగా మండిపోవడం దీని గుర్తు. ఆ కొన్ని క్షణాల్లోనే టీవీ, ఫ్రిజ్, కంప్యూటర్ లోపలి పవర్ సప్లై అన్నీ పోతాయి. స్పైక్ బస్టర్ ఉంది కదా అనుకోకండి. దాంట్లో ఉండే చిన్న బిళ్ళ కన్ను మూసి తెరిచేలోపు వచ్చిపోయే స్పైకును ఆపడానికే పనికొస్తుంది, నిమిషాల తరబడి 400 వోల్టులు వస్తే అది ముందే మాడిపోతుంది. దీనికి మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ రెండూ చూసుకుని, హద్దు దాటితే కరెంటు కట్ చేసే రిలే పెట్టించండి. 270 వోల్టుల దగ్గర కట్ అయ్యేలా సెట్ చేస్తే చాలు. ఇది కంప్యూటర్ని ఒక్కదాన్నే కాదు, ఇల్లంతా కాస్తుంది. ఇంకో మాట: అడాప్టర్‌తో నడిచే కంప్యూటర్లకు లో వోల్టేజీ భయం అక్కర్లేదు. ల్యాప్‌టాప్ అడాప్టర్ల మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసుంటుంది చూడండి. చుట్టూ రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతూ రాత్రిపూట వోల్టేజీ 170కి పడిపోయినా వాటికి ఏం కాదు.

ఇక ఇన్వర్టర్. చాలా ఇళ్ళలో 150 ఏహెచ్ బ్యాటరీతో ఒకటి ఉంటుంది. దాని వెనకాల చిన్న స్విచ్ ఉందేమో చూడండి, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని. డెస్క్‌టాప్ పెట్టేటప్పుడు అది యూపీఎస్ వైపు ఉండాలి. కరెంటు పోయాక ఇన్వర్టర్ అందుకోవడానికి పట్టే సమయం యూపీఎస్ మోడ్‌లో సుమారు 10 మిల్లీసెకన్లు, నార్మల్‌లో దానికి రెండు మూడింతలు. కంప్యూటర్ సప్లై ఊపిరి బిగపట్టి ఉండగలిగేది పూర్తి లోడు మీద పదిహేను మిల్లీసెకన్లకు కాస్త అటూ ఇటూ. అందుకే స్విచ్ నార్మల్ వైపు ఉంటే ఫ్యాను ఆగకుండానే కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. ఆ ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది, అంటే లైను కరెంటు లాగే నున్నటి అలల కరెంటు ఇచ్చేది, కావాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ వెనకాల మళ్ళీ 600 వీఏ యూపీఎస్ (కరెంటు పోతే కాసేపు కంప్యూటర్ని నడిపే బ్యాటరీ డబ్బా) తగిలించారనుకోండి, చాలా యూపీఎస్‌లు ఆ కరెంటును కరెంటుగా ఒప్పుకోవు. కీచుకీచుమంటూ తమ బ్యాటరీ ఖర్చు చేసుకుని పడుకుంటాయి. ఇన్వర్టర్ అసలు లేని ఇంటికి ఆ 600 వీఏ యూపీఎస్ బాగానే పనికొస్తుంది. లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటే ఉంటుంది, మన ఎండలకి రెండు మూడేళ్ళలో దాన్ని మార్చాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఇక ఏం కొనాలి అన్నది. నా సలహా సూటిగా చెప్తానండి: పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ పిల్లలున్న ఇంటికి చిన్న డబ్బా లాంటి మినీ డెస్క్‌టాప్, 22 అంగుళాల మానిటర్. ల్యాప్‌టాప్ వద్దు, ట్యాబ్ అస్సలు వద్దు. ట్యాబ్‌లో పాఠం చూడొచ్చు, రాయడానికి వంగదు. ఫైలు ఎక్కడ దాచామో, ఫోల్డర్ అంటే ఏమిటో దానివల్ల పిల్లాడికి తెలియదు. ల్యాప్‌టాప్ అయితే నెల తిరిగేసరికి మంచం మీదికి చేరుతుంది. దుప్పటి మీద పెడితే కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, మూత తెరిచే చోట కీలు ఊడుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. మినీ డెస్క్‌టాప్ సావిట్లో అందరికీ కనబడేలా బల్ల మీదే ఉంటుంది. మానిటర్‌తో కలిపి మామూలు పనికి 50 వాట్లు దాటదు, అంటే ఒక సీలింగ్ ఫ్యానంత. అందుకని ఇన్వర్టర్ మీద గంటల తరబడి వస్తుంది. లంక గ్రామాలవాళ్ళకు ఇంకో వీలు కూడా ఉంది. ఆ డబ్బా కిలోన్నర లోపే బరువు. వరదకి ఇల్లు ఖాళీ చేయాల్సొస్తే పుస్తకాల సంచీలో పెట్టుకుని ఏటిగట్టు ఎక్కేయొచ్చు. మానిటర్ అటక మీద పడేసి రండి.

(సభలోంచి: ఏవండీ, మావాడు పదో తరగతి పాసయ్యాడు. ఇప్పుడు మంచి ల్యాప్‌టాప్ కొనేస్తే ఇంజనీరింగ్ దాకా వస్తుంది కదా?)

రాదండి. మీవాడు ఇంటర్‌కి ఎక్కడ చేరుతున్నాడు? విజయవాడ హాస్టలా? మరి ఆ రెండేళ్ళూ ల్యాప్‌టాప్ ఎక్కడుంటుంది? బీరువాలో. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి నెలల తరబడి అలాగే ఉంటే మళ్ళీ ఛార్జి ఎక్కకపోవచ్చు. వారంటీ కూడా ఆ బీరువాలోనే అయిపోతుంది. పైగా ఏ బ్రాంచి వస్తుందో ఇప్పుడే తెలియదు. కంప్యూటర్ సైన్స్‌కి 16 జీబీ ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు వాడే మెమరీ), మంచి కీబోర్డు కావాలి. మెకానికల్, సివిల్ అయితే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కోసం వేరే గ్రాఫిక్స్ కార్డు కావాల్సి రావచ్చు. సీటు వచ్చాక కొనండి. ఈ వేసవికి ఇంట్లో మామూలు డెస్క్‌టాప్ మీద టైపింగ్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటే వాడికి అంతకంటే లాభం.

ఇప్పుడా కాగితాలు బయటికి తీయండి. ప్రాసెసర్ పేరులో ఐ3, ఐ5 అన్న ముక్క కంటే దాని తర్వాత వచ్చే అంకె ముఖ్యం. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం. ఐ3-1215యూ అంటే పన్నెండో తరం. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచే అర్హత, ఏడో తరంలో ఒకటి రెండు తప్ప. ఏఎండీ కంపెనీ వాటిలో రైజెన్ 3000 నుంచి చూసుకుంటే తంటా ఉండదు. కాబట్టి "ఐ7 అండి, చవగ్గా ఇస్తున్నాం" అంటే అది ఎన్నో తరమో అడగండి. నాలుగో తరం ఐ7కి విండోస్ 11 ఎక్కించి అమ్మేవాళ్ళున్నారు. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా, కానీ ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ దానంతటది రాదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రామ్ షాపులోనే నడిపించండి, అర్హతుందో లేదో చెప్పేస్తుంది.

కొత్త వాటిలోనూ మాయ ఉంది. రైజెన్ 5 7520యూ అని కనబడితే 7000 సిరీస్ కదా, సరికొత్తది అనుకుంటాం. ఆ సిరీస్‌లో లోపలి డిజైన్ వయసు చెప్పేది మూడో అంకె. ఇక్కడ అది 2, అంటే జెన్ 2, పాత డిజైన్. పైగా దానికి ర్యామ్ బోర్డు మీదే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు. సెలెరాన్ ఎన్4020 జోలికి వెళ్ళకండి, రెండే కోర్లు (ఒకేసారి విడివిడిగా పనిచేసే భాగాలు). దాని పక్కనే ఇంటెల్ ఎన్100 అని ఉంటుంది, పేరు చూస్తే ఇదీ తక్కువ రకమే అనిపిస్తుంది గానీ నాలుగు కోర్లు, చదువుకునే పిల్లలకి హాయిగా సరిపోతుంది.

ర్యామ్ 8 జీబీ, ఖాళీ స్లాట్‌తో. ఫైళ్ళు దాచే వేగమైన డిస్కు, అదే ఎస్‌ఎస్‌డీ, 256 జీబీ. దాని బదులు 64 జీబీ ఈఎంఎంసీ అనే చవక రకం ఉంటే వదిలేయండి, విండోస్ అప్‌డేట్లకే అది నిండిపోతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి పాత కొటేషన్ పట్టుకెళ్ళి బేరమాడితే లాభం లేదు.

అదే కారణంతో ఆఫీసుల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్, అంటే వాడినవి బాగుచేసి అమ్మే, మినీ డెస్క్‌టాప్‌లు ఇప్పుడు ఇంకా మంచి బేరం. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, ఈ మూడింట్లో ఎనిమిదో తరం ఐ5 ఉన్నదేదైనా సరే. ఇవి ఆఫీసుల్లో రోజంతా నడవడానికి చేసినవి. అయితే కొనేటప్పుడు కౌంటర్ దగ్గర ఓ గంట కూర్చోవాలి. తొందరపెడితే పక్క షాపుకి వెళ్ళండి.

ముందు విండోస్‌ని రీసెట్ చేయించి, మొదటి తెరల్లోనే మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. ఏదైనా కంపెనీ పేరు చూపించి వాళ్ళ ఉద్యోగి లాగిన్ అడిగిందంటే ఆ యంత్రం ఇంకా ఆ కంపెనీ పట్టులోనే ఉన్నట్టు. ఇంటర్నెట్ లేకుండా ఇన్‌స్టాల్ చేసి ఇస్తే ఇది బయటపడదు. ఇంకోసారి రీసెట్ చేసిన రోజున బయటపడుతుంది. తర్వాత బయాస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) తెరవమనండి. పాస్‌వర్డ్ అడిగితే వద్దని చెప్పేయండి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీలో డిజిటల్ లైసెన్స్ అని కనబడాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం ఎంత శాతమో చూడండి. 90 పైన ఉంటే హాయి, 70 లోపుంటే కొత్తది వేయించమనండి. ప్రతి యూఎస్‌బీ రంధ్రంలోనూ పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. ఇరవై నిమిషాలు వీడియో ఆడించండి. ఫ్యాను హోరెత్తి, యంత్రం దానంతటదే ఆగిపోయిందంటే ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. అది చిన్న పనే, మీరు కొనే ముందే చేయించి ఇమ్మనండి.

ఇంటికొచ్చాక అవస్థ పెట్టేవి మూడున్నాయి. ఒకటి, ఈ డబ్బాల్లో చాలావాటికి వైఫై కార్డు ఉండదు; ల్యాన్ కేబులో, యూఎస్‌బీ వైఫై డాంగిలో కొనాలి. రెండు, వెనకాల హెచ్‌డీఎంఐ బదులు డిస్‌ప్లే పోర్టు ఉండొచ్చు. డిస్‌ప్లే పోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్ళే కేబుల్ అడగండి. హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లే పోర్టుకి వెళ్ళేది తిప్పి పెడితే పనిచేయదు. మూడు, అడాప్టర్. కొన్ని కంపెనీల యంత్రాలు తమ అడాప్టర్‌ని మధ్యలో సన్నటి పిన్నుతో గుర్తుపడతాయి. డూప్లికేట్ తగిలిస్తే ఆన్ అవుతాయి గానీ నత్తనడక నడుస్తాయి. "యంత్రం స్లో అయింది" అని తెచ్చేవాటిలో ఇలాంటివి ఉంటాయి.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాపే కావాలంటే ఒక్క పని చేయండి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని రాసి, ఖాళీ వదిలి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక ఫైలు వస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో అరవై శాతం లోపుంటే కొత్త బ్యాటరీ ధర బేరంలోంచి తీసేయించండి.

(సభలోంచి: మానిటర్ ఎందుకండీ, ఇంట్లో 32 అంగుళాల టీవీ ఉంది కదా?)

సినిమాకి బాగుంటుందమ్మా, అక్షరాలకి బాగోదు. 32 అంగుళాల టీవీల్లో చాలావాటికి అడ్డంగా 1366 చుక్కలే. 22 అంగుళాల మానిటర్‌కి 1920 ఉంటాయి. దగ్గర కూర్చుంటే టీవీ మీద తెలుగు ఒత్తులు, దీర్ఘాలు అలుక్కుపోతాయి. పైగా పిల్లాడు కంప్యూటర్ ముందు కూర్చుంటే మీ సీరియల్ ఆగిపోతుంది! (నవ్వులు) మానిటర్ ఐపీఎస్ ప్యానెల్‌ది తీసుకోండి, పక్కనుంచి చూసినా రంగు మారదు. పై అంచు పిల్ల కళ్ళ ఎత్తులో, చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి. కిటికీ పక్కకి రావాలి. ఎదురుగానో వెనకాలో వద్దు. డైనింగ్ టేబుల్ కుర్చీ మీద కూర్చోబెడితే పాదాలు గాల్లో వేలాడతాయి, కింద చిన్న పీట వేయండి. కీబోర్డు, మౌస్ వైరు ఉన్నవే తీసుకోండి.

ఆన్ చేశాక మొదటి పని: అమ్మా నాన్నలకు అడ్మిన్ అకౌంట్, పిల్లలకు స్టాండర్డ్ అకౌంట్. దీనివల్ల ఆటల పేరుతో వచ్చే పనికిమాలిన ప్రోగ్రాముల్లో చాలావరకు మీ పాస్‌వర్డ్ లేకుండా ఎక్కవు. తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ (సైటు పేరు కొడితే దాని చిరునామా వెతికిపెట్టేది) దగ్గర 1.1.1.3, దాని కింద 1.0.0.3 అని రాయండి. క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు ఉచితంగా ఇచ్చేది, అశ్లీల సైట్లనీ వైరస్ సైట్లనీ ఆపుతుంది. రూటర్లో ఒక్కచోటే పెడితే ఫోన్ హాట్‌స్పాట్‌కి మారగానే తప్పించుకుంటారు. కంప్యూటర్లో వైఫైకీ, ల్యాన్‌కీ విడివిడిగా పెట్టండి, స్టాండర్డ్ అకౌంట్ వాళ్ళు మార్చలేరు. బ్రౌజర్లో సెక్యూర్ డీఎన్ఎస్ అనేది ఆపాలి, లేకపోతే అది వేరే దారిన వెళ్ళిపోతుంది. ఇదంతా కంచె మాత్రమేనండి. సావిట్లో పెట్టమన్నది ఇంకా గట్టి ఏర్పాటు.

లోపల వేయాల్సినవన్నీ ఉచితమే. చిన్నపిల్లలకి జీకాంప్రి అనే చదువు ఆటలు, ఎనిమిదేళ్ళ నుంచి ముక్కలు పేర్చి ప్రోగ్రామింగ్ నేర్చుకునే స్క్రాచ్, ఆ పైన పైథాన్. రాతకోతలకి లిబ్రేఆఫీస్ అనే ప్రోగ్రామ్. స్క్రాచ్‌ని ఇంటర్నెట్ లేకుండా నడిచే రకం దింపి పెట్టుకుంటే వానాకాలంలో నెట్ పోయినా పని ఆగదు. తెలుగు టైపింగ్ తప్పక నేర్పించండి. సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ దగ్గర తెలుగు చేర్చి, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు ఎడమచేతి కింద, హల్లులు కుడిచేతి కింద ఉంటాయి. రోజుకి పదిహేను నిమిషాలు చాలు. అన్నట్టు, విండోస్‌లో పాత తెలుగు ఫాంటు ఒకటుంది, దాని పేరు గౌతమి. మీ పిల్లలకు చూపించండి, సంతోషిస్తారు.

ఇక చెమ్మ. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరున్నవాళ్ళు ఇది బాగా వినండి. కంప్యూటర్ని గుడ్డ కప్పి నెలల తరబడి వదిలేయడమే దానికి చేటు. రోజూ ఓ గంట ఆన్‌లో ఉంటే లోపలి వేడికి చెమ్మ ఆరుతుంది. బడి సెలవుల్లో ఊరెళ్ళినా వారానికోసారి ఎవరిచేతైనా ఆన్ చేయించండి. ఒకరోజు నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు, బీప్ బీప్ మంటుంది. కంగారుపడి షాపుకి మోసుకెళ్ళకండి. ప్లగ్గు పీకి, మూత తీసి, ర్యామ్ బయటికి లాగి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్ళీ నొక్కి పెట్టండి. ఉప్పుగాలికి పట్టిన పొర పోతుంది. చాలాసార్లు అంతటితో బాగవుతుంది. గడియారం ప్రతిసారీ పాత తేదీకి వెళ్ళిపోతుంటే సీఆర్2032 అనే నాణెమంత బ్యాటరీ అయిపోయిందన్నమాట. తేదీ తప్పయితే వెబ్‌సైట్లు తెరుచుకోవు, జనం ఇంటర్నెట్ పోయిందనుకుంటారు. పెద్ద డెస్క్‌టాప్ డబ్బా వెనక ఖాళీ కంతలుంటే రేకులు బిగించండి. వెచ్చగా ఉంటుందని బల్లి లోపలికి దూరి సప్లైలో అడ్డంపడితే మనకు మిగిలేది మాడు వాసనే. ఉరుములొస్తే స్విచ్ కట్టడం చాలదు, ప్లగ్గు పీకాలి. రూటర్‌దీ పీకండి. ఫైబర్ తీగలో కరెంటు రాదు గానీ రూటర్ అడాప్టర్ గుండా, ల్యాన్ వైరు గుండా వస్తుంది.

(సభలోంచి: మా ఇంట్లో ఆరో తరం సిస్టం ఒకటి మూలపడి ఉంది సార్. అమ్మేయమంటారా?)

అమ్మితే ఎంతొస్తుందండీ! ఉంచుకోండి. హార్డ్ డిస్కుతో నడుస్తూ ఉండుంటుంది, అందుకే స్లో. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ కొనండి, ర్యామ్ 4 ఉంటే 8 చేయించండి. విండోస్ 11 దానికి కుదరదు కాబట్టి విండోస్ బదులు వాడే లైనక్స్ మింట్ 22 వేసుకోండి. ఉచితం, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి దాన్ని ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే ముందు పెన్‌డ్రైవ్ మీద నుంచే నడిపి చూడండి. వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ కనబడుతోందా అన్నీ అక్కడే తేలిపోతాయి. నచ్చాకే ఇన్‌స్టాల్ నొక్కండి. అయితే ఇన్‌స్టాల్ మొదలెట్టే ముందు యంత్రం ఆపి, ప్లగ్గు పీకి, పాత హార్డ్ డిస్కు కేబుల్ ఊడదీసి పక్కన పెట్టండి. లోపల కొత్త ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంటే "డిస్కు మొత్తం తుడిచేయనా" అని అడిగినప్పుడు ధైర్యంగా అవుననొచ్చు. పెళ్ళి ఫోటోలు పాత డిస్కులో భద్రంగా ఉంటాయి. పనంతా అయ్యాక దాన్ని మళ్ళీ తగిలించి కాపీ చేసుకోవచ్చు.